పిడికెడు బియ్యం, ఊరి సంఘం, చట్టంలో లేని మాట: మిజోరంలో శరణార్థుల కథ

పాత తెలుగు పత్రికల్లో శరణార్థులను ‘కాందిశీకులు’ అని రాసేవారు. ‘ఏ దిక్కుకు పోను?’ అన్న సంస్కృత ప్రశ్నలోంచి పుట్టిన మాట అది. ఇల్లు విడిచి పరుగెత్తే మనిషి నోట మొదట వచ్చే ప్రశ్నే అతని పేరైపోయింది. ఆ పేరు తెలుగువారి మీదా పడింది. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి చొచ్చుకువచ్చినప్పుడు రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసే మనవాళ్లు లక్షలాది ఇతర భారతీయులతో కలిసి కొండలు, అడవులు దాటుకుంటూ కాలినడకన వచ్చారు. దారిలో ఎందరో చనిపోయారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లినందుకు అక్కడివాళ్లు వారిని ‘కొరంగీలు’ అనేవారు. 1960లలో జనరల్ నీ విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరో విడత తిరుగుముఖం పట్టింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఆ రాకకు మిగిలిన గుర్తు.

అదే దేశం నుంచి ఇప్పుడు మళ్లీ జనం వస్తున్నారు. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్ సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసింది. నిరసనకారుల మీద కాల్పులు జరపమన్న ఆదేశాన్ని పాటించలేక కొందరు పోలీసులే మొదట సరిహద్దు దాటి మిజోరం చేరారు. వారి వెనుక ఉపాధ్యాయులు, నర్సులు, రైతులు, పసిపిల్లల తల్లులు వచ్చారు. చిన్ రాష్ట్రంలోని థంత్లాంగ్ పట్టణం ఆ ఏడాది సెప్టెంబరు నుంచి విడతలు విడతలుగా తగలబడింది. పట్టణమంతా ఖాళీ అయింది. అలా వచ్చినవారిలో ముప్పై వేలమందికి పైగా మిజోరంలో తలదాచుకున్నారు. 2022 నవంబరులో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ కొండల నుంచి బోమ్ తెగవారు రావడం మొదలైంది. వారు రెండు వేలు దాటారు. 2023 మే 3న మణిపూర్ జాతి ఘర్షణలతో భగ్గుమన్నాక అక్కడి నుంచి పన్నెండు వేలకు పైగా కుకీ-జో తెగల ప్రజలు చేరారు. 2011 జనగణనలో మిజోరం జనాభా 10.97 లక్షలు. అంటే పూర్వపు విజయనగరం జిల్లా జనాభాలో సగం కూడా లేని రాష్ట్రం ఇది. సొంత ఆదాయం అంతంతమాత్రం.

ఇంతమందికి ఎవరు కూడు పెట్టారు, ఎలా పెట్టారు అన్నది తెలుసుకోవాలంటే ముందు చట్టం దగ్గర పడిన చిక్కుముడి విప్పాలి.

భారతదేశ చట్టాల్లో ‘శరణార్థి’ అనే వర్గమే లేదు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒడంబడిక మీద గానీ, 1967 నాటి అనుబంధ ఒప్పందం మీద గానీ మన దేశం సంతకం చేయలేదు. వీసా లేకుండా వచ్చినవాడు ప్రాణభయంతో వచ్చినా, దొంగరవాణాకు వచ్చినా నిన్నమొన్నటి దాకా 1946 నాటి విదేశీయుల చట్టం దృష్టిలో ఒక్కటే. 2025 సెప్టెంబరు 1 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త వలస, విదేశీయుల చట్టం వచ్చింది. అందులోనూ శరణార్థి అన్న గుర్తింపు లేదు. టిబెటన్లకు, శ్రీలంక తమిళులకు కేంద్రం ఎప్పటికప్పుడు ప్రత్యేక ఆదేశాలతో ఆశ్రయం ఇచ్చింది. అది పాలకుల నిర్ణయమే తప్ప వచ్చినవారి హక్కు కాదు. పైగా విదేశీయుల విషయం పూర్తిగా కేంద్రం చేతిలోనిది. రాష్ట్రానికి ఇష్టమున్నా శరణార్థి హోదా ఇచ్చే అధికారం లేదు.

2021 మార్చి 10న కేంద్ర హోంశాఖ మిజోరం, మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్ రాష్ట్రాలకు రాసిన లేఖ సారాంశం ఇదే: అక్రమంగా వచ్చినవారిని గుర్తించండి, తిప్పి పంపండి. ఆ నెలాఖరున మణిపూర్ ప్రభుత్వం సరిహద్దు జిల్లాల అధికారులకు మరో ఆదేశం పంపింది. శిబిరాలు తెరవవద్దు, తిండి పెట్టవద్దు, మర్యాదగా వెనక్కి పంపండి అన్నది దాని తాత్పర్యం. జనం మండిపడేసరికి మూడు రోజులకే దాన్ని వెనక్కి తీసుకుంది. మిజోరం ముఖ్యమంత్రి జోరంథంగా మాత్రం మార్చి 18న ప్రధానికి లేఖ రాశారు. వచ్చినవారు మా రక్తసంబంధీకులు, వారి బాధను చూస్తూ కళ్లు మూసుకోలేం అన్నది ఆయన మాటల భావం.

ఆయన మాట వెనుక ఒక జ్ఞాపకం ఉంది. 1966 మార్చిలో మిజో తిరుగుబాటును అణచడానికి భారత వైమానిక దళం ఇప్పటి మిజోరం రాజధాని ఐజోల్ మీద బాంబులు వేసింది. ఆ తర్వాతి ఏళ్లలో ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి సైనిక పహారాలో ఒకచోట చేర్చారు. అప్పుడు ఎందరో మిజోలు సరిహద్దులోని తియావ్ నది దాటి చిన్ కొండల్లో బంధువుల ఇళ్లకు చేరారు. మిజోలు, చిన్‌లు ఒకే మూలం నుంచి వచ్చినవారు. వారి భాషలు దగ్గరివి, పేర్లు దగ్గరివి, పాడుకునే చర్చి పాటలూ దగ్గరివే. మధ్యలో గీత గీసినది బ్రిటిష్ పాలకులు. ‘ఆనాడు వాళ్లు మాకు తలుపు తీశారు’ అన్న మాట సరిహద్దు ఊళ్లలో ముసలివాళ్లకు కథ కాదు, సొంత అనుభవం.

అయితే జ్ఞాపకం ఒక్కటే అన్నం వండదు. మిజోరంలో అది పనిగా మారడానికి కారణం అక్కడి సంఘాల అల్లిక. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న భాగం ఇదే, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

అందరూ ముందు చెప్పే పేరు యంగ్ మిజో అసోసియేషన్, పొట్టిగా వైఎంఏ. 1935 జూన్‌లో ఐజోల్‌లో పుట్టింది. పేరులో యువత ఉన్నా, నిజానికి అది ఊరందరి సంఘం. సభ్యులు నాలుగు లక్షలకు పైనే. అంటే పెద్దవాళ్లలో చాలామంది ఇందులో ఉన్నట్టే. దాదాపు ప్రతి ఊరికీ, ప్రతి పేటకూ ఒక శాఖ ఉంటుంది. ఊళ్లో ఎవరైనా చనిపోతే గొయ్యి తవ్వేది, శవపేటిక సిద్ధం చేసేది, ఆ రాత్రి ఇంటివాళ్లకు తోడుగా కూర్చునేది వైఎంఏ వాళ్లే. అడవిలో ఎవరైనా తప్పిపోతే వెతికేదీ, కొండచరియ విరిగితే తట్టా పారా పట్టేదీ వాళ్లే. ఈ స్వభావానికి మిజో భాషలో ‘త్లోమ్‌ఙైహ్న’ అని పేరు. ఎవరూ అడగకముందే, ఏమీ ఆశించకుండా ఎదుటివారి కష్టానికి పూనుకోవడం, తన సుఖాన్ని వెనక్కి నెట్టుకోవడం. తెలుగులో దీనికి సరితూగే ఒక్క మాట నాకు దొరకలేదు. మన ‘చేదోడువాదోడు’ దగ్గరగా వస్తుంది గానీ అందులో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. దీనిలో లేదు.

రెండోది చర్చి. మిజోరంలో నూటికి 87 మంది క్రైస్తవులు. ఉత్తరాన ప్రెస్బిటేరియన్ చర్చి, దక్షిణాన బాప్టిస్టు చర్చి పెద్దవి. వీటి ఆర్థిక బలం వెనుక ఒక వంటింటి అలవాటు ఉంది. 1910లో మొదలైన ఆ అలవాటును ‘బుహ్‌ఫై థమ్’ అంటారు, పిడికెడు బియ్యం అని అర్థం. అన్నం వండే ప్రతిసారీ ఇల్లాలు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. కొన్ని రోజులకోసారి మహిళలు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం సేకరిస్తారు. దాన్ని అమ్మితే వచ్చిన సొమ్ము చర్చి పనులకు వెళుతుంది. ఆ పిడికెడు తీస్తే ఇంట్లో ఎవరికీ కడుపు తగ్గదు. కానీ నూరేళ్లకు పైగా సాగిన ఆ అలవాటు ఇంటింటి నుంచీ సేకరించే మనుషులను, లెక్కలు రాసే చేతులను, ఇచ్చింది చేరుతుందన్న నమ్మకాన్ని ప్రతి ఊరికీ సమకూర్చింది. 2021లో ఒక్క రాత్రిలో వందమంది వచ్చి నిలబడితే, ఆ సేకరించే దారి అప్పటికే సిద్ధంగా ఉంది.

వీటికి తోడు మహిళల సంఘం (ఎంహెచ్ఐపీ), వయసు మళ్లినవారి సంఘం (ఎంయూపీ), విద్యార్థి సంఘం (ఎంజడ్‌పీ) ఉన్నాయి. పెద్ద సంఘాలన్నీ కలిసి ఒక సమన్వయ సమితిగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతి ముందు నుంచే ఉంది. ఊరి స్థాయిలో విలేజ్ కౌన్సిల్ అధ్యక్షుడు, వైఎంఏ శాఖ నాయకులు, చర్చి పెద్దలు ఒకరికొకరు కొత్తవారు కారు. తరచుగా ఒకే మనిషి రెండు మూడు చోట్ల సభ్యుడు. మన దగ్గర విపత్తు వస్తే ఒకరికొకరు తెలియని నాలుగు స్వచ్ఛంద సంస్థలు ఒకే వీధికి నాలుగు లారీల బియ్యం పంపి, పక్క వీధిని మరచిపోవడం చూస్తుంటాం. అక్కడ ఆ అయోమయం తక్కువగా ఉండటానికి ఈ పాత పరిచయాలే మూలం.

చంఫాయ్ జిల్లాలోని జోఖావ్థార్ ఊరిని తీసుకుందాం. తియావ్ నది ఒడ్డున ఉంటుంది. వంతెన దాటితే మయన్మార్‌లోని ఖావ్‌మావి. 2023 నవంబరులో అవతల సైనిక శిబిరాల మీద తిరుగుబాటు దళాలు దాడి చేసినప్పుడు రెండు రోజుల్లో దాదాపు అయిదు వేలమంది ఈ వంతెన దాటారు. ఆ శిబిరాల్లోని సైనికులే కొందరు ఓడిపోయి అదే దారిన వచ్చి పోలీసులకు లొంగిపోయారు. వారిని మాత్రం మయన్మార్‌కు తిప్పి పంపారు. ఇలాంటి సమయంలో మొదటి రోజు పని అందరికీ తెలిసినదే: సంఘ భవనం, బడి, చర్చి హాలు తెరవడం, గంజి కాయడం, దుప్పట్లు పోగుచేయడం. ఆ తర్వాతి పని కష్టమైనది. ఎవరు వచ్చారు, ఏ ఊరివారు, ఎవరికి ఇక్కడ బంధువులున్నారు అని జాబితా రాయాలి. బంధువులున్నవారు ఇళ్లలో సర్దుకుంటారు. మిగిలినవారికి స్థలం చూసి, వెదురు నరికి తెచ్చి, టార్పాలిన్ కప్పి గుడిసెలు కట్టాలి. వెదురుకు అక్కడ కొరత లేదు, నీటికి ఉంది. కొండల మీద ఊళ్లు వేసవిలో తమ తాగునీటికే తిప్పలు పడతాయి. వచ్చినవారికి ఆ నీటిలోనే వాటా ఇవ్వాలి.

జాబితా రాయడం చిన్నపనిలా కనిపిస్తుంది గానీ, చట్టం గుర్తించని మనిషికి అదే మొదటి ఉనికి. 2022లో మిజోరం ప్రభుత్వం వారికి ఫొటోతో తాత్కాలిక గుర్తింపు కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి ప్రభుత్వ పథకాలకు పనికిరావు. ఫలానా వ్యక్తి ఇక్కడ తలదాచుకుంటున్నాడని మాత్రం చెబుతాయి.

వచ్చినవారు ఊరికే చేతులు ముడుచుకు కూర్చోలేదన్న సంగతి మనం తరచుగా మరచిపోతాం. సైనిక పాలనకు పనిచేయం అని ఉద్యోగాలు వదిలిన ఉపాధ్యాయులు, వైద్య సిబ్బంది వారిలో ఉన్నారు. శిబిరాల్లో పిల్లలకు పాఠాలు, రోగులకు చికిత్స వాళ్లే మొదలుపెట్టారు. తమలో తాము సంఘాలు ఏర్పరచుకుని బియ్యం పంచుకున్నారు, తగువులు తీర్చుకున్నారు. తమిళనాడులో శ్రీలంక తమిళులు 1984లో స్థాపించుకున్న ఓఫర్ సంస్థ ఇదే దారిలో నాలుగు దశాబ్దాలుగా నడుస్తోంది. సాయం పొందేవారే సాయాన్ని నడిపించే చోట పొరపాట్లు తక్కువ. ఏ ముసలమ్మకు పంటి నొప్పి, ఏ ఇంట్లో బాలింత ఉంది అన్నది వారికి తెలిసినట్టు బయటివారికి తెలియదు.

ఇక డబ్బు. ఇక్కడి ముడి చాలామందికి కనిపించదు. ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థకు మిజోరంలో పనిచేసే అవకాశం లేదు. అది ఇచ్చే శరణార్థి గుర్తింపు కార్డు కావాలంటే శరణార్థే ఢిల్లీ చేరాలి, చేరాలంటే దారిలో అరెస్టు భయం. 2021 మే నెలలో మణిపూర్ హైకోర్టు ఏడుగురు మయన్మార్ పౌరులను ఢిల్లీ వెళ్లి ఆ సంస్థను ఆశ్రయించడానికి అనుమతించింది. ప్రాణహాని ఉన్నచోటికి తిప్పి పంపకూడదన్న సూత్రం జీవించే హక్కునిచ్చే మన రాజ్యాంగం 21వ అధికరణంలో ఇమిడే ఉందని చెప్పింది. మంచి తీర్పే, కానీ దాని ఫలం అందుకున్నది ఏడుగురు.

విదేశాల్లో స్థిరపడిన చిన్, మిజో కుటుంబాలు సాయం పంపాలనుకుంటాయి. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో చిన్ ప్రజలు వేలసంఖ్యలో ఉన్నారు. ఒక బంధువు మరో బంధువుకు ఇంటి ఖర్చుకు పంపడం వేరు, సంఘానికి విరాళం పంపడం వేరు. సంఘం విదేశీ విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి. 2020 సెప్టెంబరులో ఆ చట్టాన్ని సవరించి, అనుమతి ఉన్న ఒక సంస్థ అలా వచ్చిన డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించారు. పెద్ద సంస్థ తీసుకుని పది చిన్న ఊరి సంఘాలకు పంచే పాత పద్ధతి దీంతో ఆగిపోయింది. ఫర్కావ్న్ లాంటి సరిహద్దు ఊరిలో రోజూ గిన్నె కడిగి అన్నం పెట్టే సంఘానికి ఢిల్లీలోని నిర్దేశిత బ్యాంకు శాఖలో ఖాతా తెరిచి, అనుమతి తెచ్చుకుని, ఏటా లెక్కలు సమర్పించే స్తోమత ఎక్కడిది? అందుకే భారమంతా తిరిగి తిరిగి స్థానికుల చందాల మీద, చర్చి సొమ్ము మీద, రాష్ట్ర ప్రభుత్వం సర్దగలిగినంత మీద పడింది.

ఇంతవరకు చదివి మిజోరంను పుణ్యభూమిగా ఊహించుకుంటే సగమే అర్థమైనట్టు. ఇదే వైఎంఏ 2003లో చిన్ ప్రజలను మిజోరం నుంచి వెళ్లగొట్టడంలో ముందు నిలిచింది. ఐజోల్‌లో ఒక బాలికపై అత్యాచారం జరిగిందని, చేసినవాడు మయన్మార్ నుంచి వచ్చినవాడని ఆరోపణ వచ్చింది. ఒకడి నేరానికి ఇల్లిల్లూ తిరిగి ఖాళీ చేయమన్నారు. వేలమంది నది దాటి తిరిగి వెళ్లారు. 1997లో మిజోరంలోని బ్రూ తెగవారు ముప్పై వేలమందికి పైగా ఘర్షణలకు భయపడి త్రిపురకు పారిపోయారు. రెండు దశాబ్దాలకు పైగా శిబిరాల్లో మగ్గాక 2020 జనవరిలో కుదిరిన ఒప్పందంతో త్రిపురలోనే స్థిరపడే దారి దొరికింది. అరుణాచల్ ప్రదేశ్‌లో, చిట్టగాంగ్ కొండల నుంచి వచ్చి స్థిరపడిన చక్మా తెగవారిని వెళ్లిపొమ్మని గడువు పెట్టింది కూడా స్థానిక విద్యార్థి సంఘమే. 1996లో సుప్రీంకోర్టు కలుగజేసుకుని, పౌరులైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడటం రాష్ట్రం బాధ్యత అని చెప్పాల్సివచ్చింది.

సంఘానికి ఉన్న బలం అన్నం పెట్టడానికీ పనికొస్తుంది, గెంటేయడానికీ పనికొస్తుంది. ఇంటింటి జాబితా రెండు పనులకూ ఒకటే. తేడా అంతా ‘మనవాళ్లు’ అన్న గీత ఎక్కడ గీశారన్నదాంట్లో ఉంది. 2003లో ఆ గీత నది దగ్గర ఉంది, 2021లో నది దాటింది. రేపు ఎక్కడ ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇప్పటికే సరిహద్దు ఊళ్లలో షరతులు వచ్చాయి: భూమి కొనకూడదు, అనుమతి లేకుండా దుకాణం పెట్టకూడదు. మత్తుమందుల రవాణా పెరిగిందన్న కోపం శిబిరాల వైపు తిరుగుతోంది. స్థానికుల భయాలన్నీ కట్టుకథలని నేను అనను. చిన్న ఊరికి కూలి రేట్లు, నీళ్లు, అడవి నిజమైన సమస్యలే. అందుకే దయ ఒక్కదాని మీద ఇంతమందిని ఆధారపడేలా వదిలేయడం అన్యాయం అంటాను, వచ్చినవారికీ, ఆదుకుంటున్నవారికీ.

గీతకు అవతల పడినవారి సంగతి చూడాలంటే మన హైదరాబాద్ చాలు. 2012 ప్రాంతం నుంచి మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం విడిచి వచ్చిన రోహింగ్యాలు బాలాపూర్, బార్కస్, షాహీన్‌నగర్ చుట్టుపక్కల రేకుల గుడిసెల్లో ఉంటున్నారు. వారూ అదే సైన్యం బాధితులు. వారికీ స్థానికంగా అండ దొరికింది. మసీదుల చందాలు, రంజాన్ జకాత్, తమ ఖాళీ స్థలంలో ఉండనిచ్చిన యజమానులు, ఐక్యరాజ్యసమితి సంస్థ తరఫున పనిచేసే కోవా అనే స్వచ్ఛంద సంస్థ. కానీ మిజోరంలోలాగా ముఖ్యమంత్రి నుంచి ఊరి సంఘం వరకు ఒకే మాట మీద నిలబడటం ఇక్కడ లేదు. ఆధార్ లేదు కాబట్టి బ్యాంకు ఖాతా లేదు, రేషన్ లేదు. చెత్త ఏరుకోవడం, కూలి పనులే బతుకుతెరువు. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాలకు మధ్యంతర ఊరట నిరాకరిస్తూ, నిర్దేశిత ప్రక్రియ పాటించకుండా పంపకూడదని మాత్రం చెప్పింది. ఒకే దేశం నుంచి, ఒకే సైన్యానికి భయపడి వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకరు చంఫాయ్‌లో, ఒకరు బాలాపూర్‌లో పెరుగుతున్నారు. ఒకరికి ఊరంతా మేనమామలు, ఒకరికి అలా చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

మిజోరంలోనూ నేల కదులుతోంది. సరిహద్దుకు ఇరువైపులా 16 కిలోమీటర్ల వరకు వీసా లేకుండా తిరిగే పాత ఏర్పాటును రద్దు చేస్తామని 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించింది. ఆ నెలలోనే మిజోరం శాసనసభ దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానించింది. ఏడాది చివరికి ఆ పరిధి 10 కిలోమీటర్లకు కుదించి, సరిహద్దు పాసు తప్పనిసరి చేశారు. వేలిముద్రలు, కనుపాపల వివరాల సేకరణకు 2023లో ఒప్పుకోని రాష్ట్రం, ప్రభుత్వం మారాక 2025 జూలైలో ఆ పని మొదలుపెట్టింది. ఆ వివరాలు తిప్పి పంపడానికే వాడతారేమోనన్న భయం శిబిరాల్లో ఉంది. అదే జూలై మొదటి వారంలో అవతల రెండు సాయుధ దళాల మధ్య కాల్పులు చెలరేగి దాదాపు నాలుగు వేలమంది మళ్లీ జోఖావ్థార్ వంతెన దాటారు. ఊరు మళ్లీ హాళ్లు తెరిచింది.

2021 ఆగస్టు 31న మిజోరం విద్యాశాఖ తమ అధికారులకు ఒక లేఖ పంపింది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరినీ చేర్చుకోవాలి కాబట్టి, మయన్మార్ నుంచి వచ్చిన పిల్లలనూ బడుల్లో చేర్చుకోండి అని. దేశంలో మరెన్నో తలుపులు మూసుకున్న రోజుల్లో ఈ ఒక్క తలుపు చట్టబద్ధంగా తెరుచుకుంది. ఆ ఏడాది పదేళ్ల వయసులో బడిలో చేరిన పిల్ల 2025లో పద్నాలుగు దాటింది. ఆ చట్టం హామీ ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. పై చదువుకు ఏ కాగితం చూపాలో ఆ పిల్లకు తెలియదు, చేర్చుకోవాలనుకునే హెడ్‌మాస్టరుకూ తెలియదు.